పేరు చెప్పని విషం

(ఎల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతికి అంకితంగా వైద్య విద్యార్థుల సభలో చేసిన ఉపన్యాసం)



రొమ్ము క్యాన్సర్‌కు సి.ఎం.ఎఫ్. అనే మూడు మందుల కలయికను చాలాకాలం వాడారు. అందులో ‘ఎం’ మెథోట్రెక్సేట్. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. 1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహించిన రోజుల్లో, ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే పదార్థాలను అక్కడి బృందం తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చాడు. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. మెథోట్రెక్సేట్ అమినోప్టెరిన్‌కు తోబుట్టువు.

ఇక ‘సి’ సైక్లోఫాస్ఫమైడ్. దాని వంశం వేరు. వెనక్కి వెళ్తే అది మస్టర్డ్ గ్యాస్ దగ్గర తేలుతుంది. ఒకే రోగి చీటీ మీద పక్కపక్కనే ఉండే ఈ రెండు మందుల్లో ఒకటి, ఆకలినీ రక్తహీనతనూ అర్థం చేసుకోవాలని చేసిన పరిశోధన నుంచి వచ్చింది. రెండోది, మనుషుల ఒళ్లు బొబ్బలెక్కించాలని తయారుచేసిన ఆయుధం నుంచి వచ్చింది. సుబ్బారావు గారి సభలో ఈ రెండో కథ చెప్పాలనుకోవడానికి నాకు ఒక కారణం ఉంది. ఆ విషం చేసిన కీడులో సగం దాని రసాయన గుణాల వల్ల జరిగితే, మిగతా సగం అది ఏమిటో తెలిసినవాళ్లు డాక్టర్లకు చెప్పకపోవడం వల్ల జరిగింది.

ముందు ఆ పదార్థం సంగతి చూద్దాం.

గ్యాస్ అని అందరూ అంటారు గానీ, మామూలు వాతావరణంలో అది జిడ్డుగా ఉండే ద్రవం. స్వచ్ఛంగా ఉంటే దాదాపు రంగుండదు. మలినాలు కలిస్తే పసుపు నుంచి ముదురు గోధుమ దాకా ఉంటుంది. 14 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది, 217 డిగ్రీల దగ్గర మరుగుతుంది. నీటికంటే బరువు, నీటిలో సరిగా కరగదు. ఆవిరి గాలికంటే అయిదు రెట్లకు పైగా బరువు కాబట్టి పల్లమెరిగిన నీరులా కందకాల్లోకి, నేలమాళిగల్లోకి దిగి అక్కడే నిలుస్తుంది. చలిదేశాల్లో నేలమీద పడ్డది రోజులు, ఒక్కోసారి వారాల పాటు ప్రమాదంగానే ఉంటుంది. వేడి ప్రదేశంలో త్వరగా ఆవిరైపోతుంది కదా అని ఊరట పడనక్కర్లేదు. ఆవిరి పెరిగినకొద్దీ కళ్లకూ ఊపిరితిత్తులకూ ముప్పు పెరుగుతుంది, చెమట పట్టిన చర్మం ఎక్కువగా దెబ్బతింటుంది. వెల్లుల్లి వాసనో, ఆవాల ఘాటో వస్తుందని చెబుతారు. ఆ వాసనను నమ్ముకోకూడదు. కాసేపటికి ముక్కు అలవాటు పడిపోతుంది, వాసన తెలియనంత కొద్ది మోతాదు కూడా ఎక్కువసేపు తగిలితే హాని చేస్తుంది. బట్టలోంచి, తోలులోంచి, మామూలు రబ్బరులోంచి కూడా లోపలికి దిగుతుంది.

దీని అసలు క్రూరత్వం ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఉంది. చర్మం మీద పడ్డప్పుడు నొప్పి ఉండదు. నిమిషాల్లో లోపలికి ఇంకి కణాల్లోని పదార్థాలతో ముడిపడిపోతుంది. మనిషికి మాత్రం రెండు గంటల నుంచి ఒక రోజు దాకా ఏమీ తెలియదు. భోంచేస్తాడు, పడుకుంటాడు. తర్వాత కళ్లు మండుతాయి, నీరు కారుతుంది, రెప్పలు వాచి మూసుకుపోతాయి. చర్మం ఎర్రబడి దురద పెడుతుంది, తర్వాత చంకల్లో, గజ్జల్లో, మెడ మీద, మర్మాంగాల దగ్గర బొబ్బలు లేస్తాయి. పల్చటి, తడిగా ఉండే చర్మం మీద దీని ప్రతాపం ఎక్కువ. పీల్చినవాడి గొంతు బొంగురుపోతుంది. శ్వాసనాళాల లోపలి పొర ఊడి పొరలు పొరలుగా అడ్డుపడుతుంది. యాంటీబయాటిక్స్ లేని కాలంలో చనిపోయినవాళ్లలో చాలామందిని బలి తీసుకున్నది ఆ ఊపిరితిత్తుల్లో చేరిన ఇన్ఫెక్షనే.

లోపల జరిగేది ఇది. ఈ అణువు శరీరంలో తనలో తానే ముడుచుకుని, మూడు పరమాణువుల చిన్న ఉంగరంలా మారుతుంది. ఆ స్థితిలో దానికి దేన్నైనా పట్టుకునే తత్వం విపరీతంగా ఉంటుంది. డీఎన్ఏలోని గ్వానిన్‌ను పట్టుకుంటుంది. అణువుకు రెండు చేతులుంటాయి కాబట్టి కొన్ని చోట్ల ఎదురెదురు పోగుల్ని కలిపి బిగించేస్తుంది. అలా బిగిసిన కణం విడిపోలేదు. త్వరత్వరగా విభజన జరిగే చోటల్లా, అంటే చర్మపు అడుగు పొరలో, పేగుల్లో, ఎముక మూలుగలో ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. ఎక్కువ మోతాదు తగిలినవాళ్లకు కొన్ని రోజుల్లో తెల్ల రక్తకణాలు పడిపోవడం మొదలై, రెండో వారంలో అట్టడుగుకు చేరుతాయి. దీనికి విరుగుడు ఈ రోజుకూ లేదు. మొదటి ఒకటి రెండు నిమిషాల్లో కడిగేస్తేనే పెద్ద మేలు. ఆ తర్వాత కడగడం ఒంటిమీద మిగిలినదాన్ని తీసేయడానికి, పక్కవాళ్లకు అంటకుండా చూడటానికి పనికొస్తుంది. విద్యార్థులు ఒక మాట గుర్తుపెట్టుకోండి. లేచిన బొబ్బలోని నీటిలో విషం ఉండదు, దాన్ని చూసి రోగి దగ్గరకు వెళ్లడానికి భయపడనక్కర్లేదు. భయపడాల్సింది అతని తడి బట్టలకు.

బొబ్బలు పుట్టించేది ఇదొక్కటే కాదు. ఆర్సెనిక్ ఉన్న లూయిసైట్ తగిలిన క్షణంలోనే భగ్గున మండుతుంది. అందుకే మనిషి వెంటనే కడుక్కోవడానికి పరిగెడతాడు. ఆక్స్‌ఫర్డ్‌లో రుడాల్ఫ్ పీటర్స్ బృందం రెండో ప్రపంచయుద్ధ కాలంలో దానికి విరుగుడు కూడా కనిపెట్టింది. డైమెర్‌క్యాప్రాల్ అనే ఆ మందు తర్వాత ఆర్సెనిక్ విషానికీ, రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బుకూ ఉపయోగపడింది. నొప్పి వెంటనే తెలియడం, విరుగుడు దొరకడం అనే రెండు మేళ్లూ మస్టర్డ్ బాధితులకు లేవు.

యుద్ధరంగంలో ఇది మొదట దిగింది 1917 జులై 12 రాత్రి, బెల్జియంలోని ఈప్ర దగ్గర. జర్మన్ గుండ్లు పేలాయి, బ్రిటిష్ సైనికులకు పెద్దగా ఇబ్బంది అనిపించలేదు, కొందరు మాస్కులు తీసేసి నిద్రపోయారు. తెల్లవారేలోపు కళ్లు తెరవలేని మనుషులతో చికిత్సా శిబిరాలు నిండిపోయాయి. ఆ మొదటి ప్రపంచయుద్ధంలో దీనివల్ల దెబ్బతిన్నవాళ్లలో చనిపోయినవాళ్లు నూటికి రెండు మూడుకు మించరు. ఆ లెక్క చూపి ఇది మిగతా ఆయుధాలకంటే దయగలదని వాదించినవాళ్లు ఆ రోజుల్లోనే ఉన్నారు. ఆ వాదన నాకు ఎప్పుడూ అసహ్యంగానే తోచింది. బతికినవాళ్ల దగ్గుల్ని, మళ్లీ మళ్లీ పుండుపడే నల్లగుడ్లను, దశాబ్దాల తర్వాత వచ్చిన క్యాన్సర్లను ఆ లెక్కలో ఎవరూ కలపలేదు. జపాన్‌లో ఒకునోషిమా దీవి మీది ఫ్యాక్టరీలో దీన్ని తయారుచేసిన కార్మికులు యుద్ధరంగం ముఖం చూడకపోయినా శ్వాసమార్గపు క్యాన్సర్లతో చనిపోయారు.

1925 జెనీవా ఒప్పందం వాడకాన్ని నిషేధించింది. తయారు చేయడాన్నీ, దాచుకోవడాన్నీ నిషేధించలేదు. ఒప్పందానికి కట్టుబడతానన్న ఇటలీ పదేళ్లు తిరక్కుండానే ఇథియోపియా ప్రజల మీద విమానాల నుంచి చల్లింది. మిగతా దేశాలు ఎదుటివాడు వాడితే మేమూ వాడతామంటూ గిడ్డంగులు నింపుకున్నాయి. ఇప్పుడు చెప్పబోయే బారీ ఘోరం అలా నింపుకున్న సరుకు వల్లే జరిగింది.

దక్షిణ ఇటలీలో ఆడ్రియాటిక్ ఒడ్డున బారీ రేవు. 1943 డిసెంబరు నాటికి మిత్రసేనల సరఫరాల్లో పెద్ద భాగం అక్కడే దిగుతోంది. ‘జాన్ హార్వీ’ అనే అమెరికన్ సరుకు ఓడ రెండు వేల మస్టర్డ్ బాంబులతో వచ్చి రేవులో లంగరు వేసింది. లోపల ఉన్నదేమిటో బయటికి చెప్పకూడదు. చెప్పకపోతే త్వరగా దించమని అడగడానికి వీల్లేదు. ఓడ రోజుల తరబడి వరసలో ఉండిపోయింది. డిసెంబరు 2 సాయంత్రం జర్మన్ బాంబర్లు వంద దాకా వచ్చిపడ్డాయి. పదిహేడు ఓడలు మునిగాయి. జాన్ హార్వీ పేలిపోయింది. అందులో ఏముందో తెలిసిన నావికులు దానితోపాటే పోయారు. మస్టర్డ్‌లో కొంత పొగతో కలిసి ఊరిమీదికి వెళ్లింది, కొంత నీటిమీద తేలే ఇంధన నూనెలో కలిసింది. మునిగిపోతున్న ఓడల నుంచి దూకినవాళ్లు ఆ నూనెలోనే ఈదారు.

ఆస్పత్రుల్లో ఆ రాత్రి ఏమైందో వైద్యులైన మీరు జాగ్రత్తగా వినాలి. కాళ్లు చేతులు తెగినవాళ్లను ముందు చూశారు. అది సరైన పనే. ఒంటిమీద దెబ్బ లేకుండా, నూనెలో తడిసి, చలికి వణుకుతున్నవాళ్లకు దుప్పట్లు చుట్టి, వేడి టీ ఇచ్చి పక్కన కూర్చోబెట్టారు. తడి బట్టలు అలాగే ఉన్నాయి. దుప్పటి వెచ్చదనంలో ఆ నూనె గంటల తరబడి ఒంటిలోకి ఇంకింది. అదే రాత్రి బట్టలు విప్పించి సబ్బుతో ఒళ్లు కడిగి ఉంటే వాళ్లలో చాలామంది బతికేవాళ్లు. అంత చిన్న పని ఎందుకు జరగలేదు? వాళ్ల ఒంటిమీద ఉన్నదేమిటో వార్డులో ఎవరికీ తెలియదు కాబట్టి. మర్నాటికి కళ్లు కనపడని మనుషులతో వార్డులు నిండాయి. రక్తపోటు పడిపోయి కూడా కొందరు తేటగా మాట్లాడేవారు, బాగానే ఉందనేవారు, కాసేపట్లో పోయేవారు. డాక్టర్లు కేసు షీట్ల మీద ‘ఇంకా నిర్ధారించని చర్మవ్యాధి’ అని రాసుకున్నారు.

అల్జీర్స్‌లోని మిత్రసేనల ప్రధాన కార్యాలయం నుంచి స్టూవర్ట్ అలెగ్జాండర్ అనే యువ అమెరికన్ సైనిక డాక్టరును పంపారు. రసాయన యుద్ధ వైద్యం చదివిన మనిషి. ఆస్పత్రిలో అడుగుపెట్టగానే వెల్లుల్లి వాసన పట్టాడు. మస్టర్డ్ ఏమైనా ఉందా అని అడిగితే రేవు అధికారులు లేదన్నారు. ఆయన వాదించలేదు. చనిపోయిన ప్రతి నావికుడి ఓడ రేవులో ఎక్కడ ఉందో మ్యాపు మీద గుర్తులు పెట్టాడు. మరణాలు ఎక్కువగా ఉన్నవి జాన్ హార్వీ చుట్టూ ఉన్న ఓడల్లో. ఇంతలో గజ ఈతగాడు రేవు అడుగు నుంచి ఒక బాంబు పెంకు ముక్క తెచ్చాడు. అది అమెరికా బాంబు, లోపల ఉన్నది మస్టర్డ్. నావికుల్లో, సైనికుల్లో ఆరువందల మందికి పైగా బాధితులు, డిసెంబరు నెలాఖరుకు 83 మరణాలు. ఊళ్లో పోయిన ఇటాలియన్ పౌరుల లెక్క ఎవరూ తీయలేదు. చర్చిల్ బారీలో మస్టర్డ్ ఉందన్న మాటను ఒప్పుకోలేదు. బ్రిటిష్ రికార్డుల్లో అవి శత్రుదాడి వల్ల కలిగిన కాలిన గాయాలయ్యాయి. ఐసెన్‌హోవర్ అలెగ్జాండర్ నివేదికను ఆమోదించాడు గానీ, దాన్ని దశాబ్దానికి పైగా రహస్యంగానే ఉంచారు.

ఆ మ్యాపు నాకు వైద్యశాస్త్రంలో ఎంతో గౌరవనీయమైన కాగితాల్లో ఒకటి. పైవాళ్లు లేదంటున్నా, చనిపోయినవాళ్లు ఎక్కడున్నారో చూసి నిజం రాబట్టిన డాక్టరు పని అది.

బారీ నుంచే క్యాన్సర్ కీమోథెరపీ పుట్టిందని చాలాచోట్ల చదువుతుంటాం. అది సరికాదు. అలెగ్జాండర్ రాసిన రక్త పరీక్షల వివరాలు తర్వాతి పరిశోధనకు బలమిచ్చిన మాట నిజం. కానీ మస్టర్డ్ తగిలిన సైనికుల తెల్లకణాలు పడిపోతాయని క్రుంబార్ దంపతులు 1919లోనే అచ్చువేశారు. 1942లో, అంటే బారీకి ఏడాది ముందే, యేల్‌లో లూయిస్ గుడ్‌మన్, ఆల్ఫ్రెడ్ గిల్మన్ బృందం మస్టర్డ్‌లోని గంధకం బదులు నత్రజని పెట్టి తయారైన నైట్రోజన్ మస్టర్డ్‌ను లింఫ్ గ్రంథుల క్యాన్సర్ ఉన్న ఒక రోగికి ఇచ్చింది. గడ్డలు కరిగాయి, కొన్ని వారాలకు తిరిగి వచ్చాయి. యుద్ధ రహస్యమని ఆ ఫలితాలను 1946 దాకా అచ్చువేయనివ్వలేదు. ఆ నాలుగేళ్లలో ఈ మందు పేరైనా తెలియకుండా పోయిన రోగుల్ని తలుచుకుంటే మనసుకు కష్టంగా ఉంటుంది. ఆ నైట్రోజన్ మస్టర్డ్ సంతతే క్లోరాంబ్యుసిల్, మెల్ఫలాన్, సైక్లోఫాస్ఫమైడ్. మన క్యాన్సర్ వార్డుల్లో రోగి బంధువులు ‘కౌంట్ పడిపోయింది’ అని ఆందోళనగా చెప్పుకోవడం వింటూనే ఉంటాం. బారీలో మనుషుల్ని చంపిన గుణం, ఇక్కడ నర్సు రోజూ రక్తం తీసి కాపలా కాసే గుణం ఒక్కటే. ఎంత ఇచ్చారో తెలుసు, ఎప్పుడు ఇచ్చారో తెలుసు, ఎన్నో రోజున కౌంట్ పడుతుందో తెలుసు. ఆ తెలియడం వల్లే రోగి బతుకుతున్నాడు.

మన దేశంతో ఈ చరిత్రకున్న ముడి అంతగా వినపడదు. 1930ల నుంచి పదేళ్లకు పైగా, బ్రిటన్ రసాయన యుద్ధ పరిశోధన కేంద్రమైన పోర్టన్ డౌన్ నుంచి వచ్చిన శాస్త్రవేత్తలు అప్పటి అవిభక్త భారతదేశంలోని రావల్పిండిలో వందల మంది భారతీయ సైనికుల మీద మస్టర్డ్ ప్రయోగాలు చేశారు. నిక్కర్లు, నూలు చొక్కాలతో గ్యాస్ గదుల్లోకి పంపారు. భారతీయుల చర్మం బ్రిటిష్ వాళ్ల చర్మంకంటే ఎక్కువ తట్టుకుంటుందా అన్నది వాళ్ల ప్రశ్నల్లో ఒకటి. చాలామంది ఒళ్లు కాలి ఆస్పత్రి పాలయ్యారని వాళ్ల కాగితాలే చెబుతున్నాయి. ఆ సంగతి పత్రికలకెక్కింది 2007లో. ఆ సిపాయిలకు తర్వాత ఏమైందో చూసిన దాఖలా లేదు. అమెరికాలోనూ రెండో యుద్ధ కాలంలో సుమారు 60,000 మంది సైనికులను ఇలాంటి పరీక్షల్లో వాడుకున్నారు. ఎవరికీ చెప్పకూడదని ఒట్టు వేయించుకున్నారు. దశాబ్దాల తర్వాత ఊపిరాడక డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు కూడా వాళ్లు ఆ ఒట్టుకు కట్టుబడి నోరు మెదపలేదు. కారణం తెలియని జబ్బుకు వాళ్ల డాక్టర్లు ఏ మందు రాసివుంటారు?

ఇరాన్ మీద ఇరాక్ ఈ విషాన్ని 1983 నుంచి వాడింది. 1987 జూన్ 28న సర్దష్త్ పట్టణంలో బజారులో తిరిగే జనం మీద వేసింది. 1988 మార్చి 16న తన దేశంలోని కుర్దుల ఊరు హలబ్జాలో నాడీవిషాలతో కలిపి వేసింది. సర్దష్త్‌లో ఆనాడు చంకన ఉన్న పిల్లలకు ఈనాడు నలభై అటూ ఇటూగా ఉంటాయి. పదుల వేలమంది ఇరానీయులు ఇంకా చికిత్సలోనే ఉన్నారు. చిన్న శ్వాసనాళాలు మూసుకుపోవడం, ఎప్పటికీ తగ్గని దగ్గు, ఏళ్ల తర్వాత నల్లగుడ్డు మసకబారడం వాళ్లు పడే బాధలు. ఇన్‌హేలర్లు, ఆక్సిజన్ సిలిండర్, కొద్దిమందికి నల్లగుడ్డు అంచున మూలకణాల మార్పిడి, ఇంతవరకే వైద్యం వెళ్లగలిగింది. ఈ దీర్ఘకాల బాధల గురించి మనకు తెలిసినదాంట్లో పెద్ద భాగం ఇరాన్ డాక్టర్లు ఓపికగా రాసి ప్రచురించినదే. వాళ్లకు మనం రుణపడి ఉన్నాం.

1993లో సంతకాలు జరిగి 1997 ఏప్రిల్ 29న అమల్లోకి వచ్చిన రసాయనాయుధ నిషేధ ఒప్పందం జెనీవా వదిలేసిన ఖాళీని పూడ్చింది. తయారీ, నిల్వ కూడా నేరమయ్యాయి. మన దేశం తన దగ్గర 1,044 టన్నుల మస్టర్డ్ ఉందని 1997లో ప్రకటించింది. అంతకుముందు మా దగ్గర లేదన్న దేశమే ఆ మాట చెప్పింది. చెప్పిన తర్వాత తనిఖీదారుల ఎదుట 2009 నాటికి మొత్తం ధ్వంసం చేసింది. ఆ ప్రకటన ఆలస్యంగా వచ్చినా దాన్ని నేను గౌరవిస్తాను. అమెరికా చివరి రసాయనాయుధం 2023 జులైలో పోయింది. బాల్టిక్ సముద్రం అడుగున పడేసిన రసాయనాయుధాలు మాత్రం అలాగే ఉన్నాయి. అక్కడి జాలర్ల వలల్లో గడ్డకట్టిన మస్టర్డ్ ముద్దలు ఇప్పటికీ పడుతుంటాయి.

ప్రకటించిన దేశాల నిల్వలు పోయాయి కదా, ఇంకా ఈ గొడవ మనకెందుకని మీలో ఎవరైనా అనుకోవచ్చు. బారీ దుర్ఘటన జరిగింది డిసెంబరు 2 రాత్రి. నలభై ఒక్క ఏళ్ల తర్వాత అదే డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో హమీదియా ఆస్పత్రికి వేలమంది కళ్లు మండుతూ వచ్చారు. అది బొబ్బల విషం కాదు, మిథైల్ ఐసోసైనేట్. కానీ వార్డులో డాక్టర్ల పరిస్థితి బారీలో ఉన్నట్టే ఉంది. ఏ వాయువో, ఏ చికిత్సో చెప్పేవాళ్లు లేరు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ పక్కన ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఇళ్లలోకి వచ్చినప్పుడు, నిద్రలోంచి లేచి పరుగెత్తిన జనానికి తాము పీలుస్తున్నదేమిటో తెలియదు.

భోపాల్ తర్వాత మనకు చట్టాలు వచ్చాయి. ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వల మీద 1989 నిబంధనలు ఉన్నాయి. రసాయన ప్రమాదాల మీద 1996 నిబంధనల కింద జిల్లా స్థాయిలో సంక్షోభ బృందాలు ఉండాలి. ఫ్యాక్టరీలో ఏ పదార్థం ఎంత ఉందో, తగిలితే ఏం చేయాలో చెప్పే పత్రాలు ఉండాలి. ఉండాల్సిన ఆ కాగితం అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్ చేతికి అందేచోట ఉందా అన్నదే నా ప్రశ్న. మీలో చాలామంది వచ్చే ఏడాది పటాన్‌చెరు, పరవాడ, విశాఖ, కాకినాడ చుట్టుపక్కల ఆస్పత్రుల్లో ఆ డ్యూటీ చేస్తారు. మీ ఆస్పత్రికి పది కిలోమీటర్లలోపు ఉన్న ప్రతి ఫ్యాక్టరీ నిల్వల జాబితా క్యాజువాలిటీలో ఉండాలని మొదటి వారంలోనే రాతపూర్వకంగా అడగండి. కలెక్టరు అధ్యక్షతన జరిగే సంక్షోభ బృందం సమావేశానికి మీ ఆస్పత్రి తరఫున ఎవరు వెళ్తున్నారో సూపరింటెండెంటు గారిని అడిగి తెలుసుకోండి. జాబితా రాకపోతే మళ్లీ రాయండి, ఆ ఉత్తరాల నకళ్లు ఫైల్లో పెట్టి మీ తర్వాత వచ్చే హౌస్ సర్జన్‌కు అప్పగించండి.